ప్రింటర్ గెలిచిన పందెం

త్రాసులు చేసే బావగారికీ ఆయన బావమరిదికీ మధ్య ఆస్తి తగాదాలు లేవు, మాట పట్టింపులు లేవు. ఆ లోటు తీర్చడానికే అన్నట్టు బజారులోకి మైక్రోప్రాసెసర్లు వచ్చాయి.

కొత్త ఎలక్ట్రానిక్ త్రాసులో ఏ చిప్పు పెట్టాలన్నది సమస్య. బావమరిది తెచ్చింది సెకనుకి నలభై లక్షల టిక్కులు కొడుతుంది. బావగారిది పది లక్షలే, కాకపోతే ఒక్కో పనికి దానికి పట్టే టిక్కులు తక్కువ.

"నాది నాలుగు రెట్లు స్పీడు బావా. ఇంకా ఆలోచన దేనికి?"

"బుడిబుడి అడుగులు గబగబా వేస్తే ముందు చేరిపోతావుట్రా?"

"పందెం పెడదాం. నాది ఓడితే పట్నంలో త్రాసుల ఫ్యాక్టరీవాళ్ల దగ్గరికి పనికి వెళ్లిపోతా. ఎప్పట్నుంచో పిలుస్తున్నారు."

బావగారు ఇరుకున పడ్డారు. చిప్పు కాళ్లకు టంకం పెట్టగల చెయ్యి ఆ ఇంట్లో బావమరిదిదొక్కటే. తను పెడితే నాలుగు కాళ్లు కలిసి ఒకే కాలవుతుంది.

యుద్ధభూమి భోజనాల బల్ల. న్యాయమూర్తి ఇల్లాలు. రెండు చిప్పులకూ అవే లెక్కలు. ఒకదాని తర్వాత ఒకటి చేయాలి, ప్రతి జవాబూ ప్రింటర్ మీద కొట్టాలి. రెండింటికీ ఒకే సమయం పట్టింది.

"ఇద్దరూ సమానమే. బల్ల ఖాళీ చేయండి, కంచాలు పెట్టాలి" అని తీర్పు వెలువడింది.

మర్నాడు ప్రింటర్‌కి రిబ్బన్ మారుస్తూ, అది ఒక్కో అక్షరాన్నీ బద్ధకంగా కొట్టడం చూసి బావగారు కొయ్యబారిపోయారు. వాళ్లు కొలిచింది ప్రింటర్‌ని! చిప్పులు రెండూ ఎప్పుడో లెక్క తేల్చేసి, దాని గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాయన్నమాట.

చెప్పకపోతే ఇల్లు చల్లగా ఉంటుంది. చెబితే కుర్రాడు చెయ్యి దాటిపోవచ్చు. కానీ వయసంతా జనం కాటాలు సరిచేసిన మనిషికి తన ఇంటి కాటా తప్పని తెలిశాక ముద్ద దిగలేదు.

"ఒరేయ్, ప్రింటర్ పీకేసి మళ్లీ చూద్దాం."

చూశారు. బావమరిది చిప్పు వెంట్రుకవాసిలో గెలిచింది.

"చెప్పానా బావా!"

బావగారు పరాజితుడికి తగిన ముఖం పెట్టాలని చాలా శ్రమించారు. ముఖం మాత్రం మాట వినకుండా వెలిగిపోయింది.

త్రాసు తయారైంది. పళ్లెంలో ఉల్లిపాయలు పోశారు. పళ్లెం ఊగింది, ఇంకాస్త ఊగింది, తీరిగ్గా ఆగింది. గెలిచిన చిప్పు అంతసేపూ వేచి చూసి, అప్పుడు అంకె చూపించింది.

"ఏ చిప్పయినా ఆ పళ్లెం ఆగేదాకా కూర్చోవాల్సిందేగా?" అంది ఇల్లాలు. "మరి పందెం దేనికండీ?"

"నువ్వూరుకో" అన్నారు బావగారు.

"ఊరుకో అక్కా" అన్నాడు బావమరిది.

చిప్పుల విషయంలో వాళ్లిద్దరి మాటా కలిసింది అప్పుడే.