నా ఉపవాసాలు చేసిన డ్రిల్లు మేడం

మా డ్రిల్లు మేడం పోయారు. బడికి సెలవని అమ్మతో కలిసి కాఫీ పళ్లు కోస్తుంటే ఫోను వచ్చింది. రాత్రి బాగానే పడుకున్నారట, తెల్లారి లేవలేదట. వాళ్లమ్మాయి అంతకంటే ఎక్కువ మాట్లాడలేకపోయింది. అమ్మ బుట్ట దించేసి, "అయ్యో, మహాతల్లి!" అంటూ గట్టు మీద కూలబడింది.

మేడం అరకు దగ్గర మా ఆశ్రమ పాఠశాలలో ఆటల టీచరు. మనిషి పొట్టి, గొంతు మాత్రం స్టేషన్లో మైకు. మెడలో విజిల్ ఉండేది గానీ దాని అవసరం ఎప్పుడూ పడలేదు. ఎవరు నమస్తే పెట్టినా తిరిగి నమస్తే అనరు. "తిన్నావేటే గుంటా? బాగా తొంగున్నావా?" అని అడుగుతారు. ఆవిడకి ఆడపిల్లలందరం గుంటలమే. కలెక్టరు గారొచ్చినా అదే అడుగుతారేమోనని మేం నవ్వుకునేవాళ్లం.

ఎనిమిదో తరగతిలో నాకు మూర్ఛ మొదలైంది. మొదటిసారి ప్రార్థన లైన్లోనే పడిపోయాను. ఎవరో చేతిలో తాళాలు పెట్టారట, ఇంకెవరో ముక్కు దగ్గర ఉల్లిపాయ. "ఆ తాళాలు తియ్యండి! గుంట తలుపేటి?" అని మేడం కసిరి, నన్ను పక్కకి తిప్పి, తల కింద తువ్వాలు పెట్టి, తెలివొచ్చేదాకా కదల్లేదట. కళ్లు తెరిచేసరికి ముందు కనిపించింది ఆవిడ ముఖమే.

విశాఖలో డాక్టరు మాత్రలు రాసి, జాగ్రత్తగా ఆడించొచ్చు అన్నారు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ నమ్మలేదు, మేడం నమ్మారు. నన్ను ఒంటరిగా పరిగెత్తనిచ్చేవారు కాదు, పక్కన ఒక తోడు ఉండాల్సిందే. గెడ్డలో, అదే వాగులో, దిగకూడదు; మిరియాల కోసం చెట్టెక్కకూడదు. రొప్పు రాకముందే ఆపేయాలి, ఎండ ముదరకముందే నీడకి రావాలి. పొద్దున చోడి అంబలి, అంటే రాగి జావ, దాంతో ఒక గుడ్డు. "మాత్ర పని మాత్రది, కూడు పని కూడుది. ఒకటి మానీసి రెండోదాన్ని తిట్టకు," అనేవారు.

ఇంత చేసినా మూర్ఛ వస్తూనే ఉంది. ఇంకొక్కసారి పడితే ఇంటికి పంపించేస్తామని హాస్టల్లో చెప్పేశారు. ఇంటికి వెళ్తే చదువు అయిపోయినట్టే. మా ఊళ్లో అలా వచ్చేసిన పిల్ల మళ్లీ బడికి వెళ్లడం నేను చూడలేదు.

మేడం మాత్రం ఒక సంగతి పట్టేశారు. మాత్రలు మొదలయ్యాక నేను పడేది ఎప్పుడూ శుక్రవారం సాయంత్రమో, శనివారం పొద్దున్నో.

"శుక్రవారం ఏటి తిన్నావే?"

"ఉపవాసం మేడం. నాకు తగ్గాలని అమ్మ మొక్కుకుంది."

"మరి మాత్ర?"

"తిన్నాక వేసుకోమన్నారు కదా. తిననిదే ఎలా వేసుకుంటాను?"

ఆవిడ తల పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయారు. తిట్టలేదు. ఆదివారం చర్చి వదిలే వేళకి మా ఊరు నడిచి వచ్చారు.

అమ్మ ససేమిరా అంది. "ప్రభువుకి మాటిచ్చీసినాను మేడంగారూ. తప్పితే గుంటకే తగుల్తాది."

"మాట తప్పమని నాననలేదమ్మా. గుంట తింటాది, మాత్రేసుకుంటాది. దాని బదులు నానుంటాను ఉపవాసం."

మేడం వాళ్లు ఊరి దేవతకి కోడి కోసేవాళ్లు. అమ్మకి అనుమానమొచ్చింది. "మీరు మా సంఘం కాదు కదండీ?"

"ఆకలికి సంఘమేటమ్మా?"

అమ్మ పాస్టరు గారిని అడిగింది. బిడ్డ కోసం ఇంకొకరు ఆకలితో ఉంటే దేవుడెందుకు కాదంటాడన్నారాయన. అలా కుదిరింది ఒప్పందం.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం మేడం కడుపు మాడ్చుకుంటూనే గ్రౌండులో తిరిగారు. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని, "నా వాటా కూడా నువ్వే తిను, నా కళ్లు నిండుతాయి" అని ఏడిపించేవారు. మేం చూడనప్పుడు తింటారేమోనని అమ్మాయిలం కాపలా కూడా కాశాం. తినలేదు. ఆ శుక్రవారాల మూర్ఛ ఆగింది, నన్ను హాస్టల్ నుంచి పంపలేదు. పదో తరగతి పాసయ్యాక అమ్మే వెళ్లి, "ఇంక సాలు తల్లీ" అని దండం పెట్టింది. "హమ్మయ్య! శుక్రవారం ఇడ్లీ ఎలాగుంటాదో మర్చిపోనాను," అన్నారు మేడం.

నాకు మూర్ఛ పూర్తిగా పోలేదు. ఎప్పుడో ఒకసారి ఇప్పటికీ వస్తుంది. అయినా రోజూ పరిగెత్తుతాను, నేనూ ఒక బడిలో పిల్లల్ని ఆడిస్తున్నాను. ఆవిడ లేకపోతే ఏ చుట్టం ఇంట్లోనో మూల కూర్చుని ఉండేదాన్ని.

ఫోను రాగానే అమ్మా నేనూ తోటలోంచి ఇంటికొచ్చి బయల్దేరాం. గుమ్మం దాటకుండా అమ్మ వంటింట్లో ఏదో సర్దుతుంటే విసుక్కున్నాను. మేం వెళ్లేసరికి ఆవిణ్ణి వరండాలో పడుకోబెట్టారు. కొడుకు రైలు ఆలస్యం. శవం లేచేదాకా ఆ వీధిలో పొయ్యి వెలిగించరు. మధ్యాహ్నం దాటిపోయింది. నేను ఏడుస్తూనే ఉన్నాను, ఆకలి సంగతే తెలియలేదు.

అమ్మ సంచిలోంచి క్యారేజీ తీసి, అందరి ముందూ మూత విప్పింది.

"ఓలమ్మో, పీనుగ లేవకుండా కూడేటే?" అంది ఒక ముసలామె.

"నా గుంటకి ఏళకి కూడు పడాలి," అంది అమ్మ. అన్నం కలుపుతూనే ఉంది. "ఆ తల్లే నేర్పింది నాకు."

మేడం కూతురు లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది. మేడం కాళ్ల దగ్గర కూర్చుని, అందరూ చూస్తుండగా, ఏడుస్తూ అన్నం మొత్తం తిన్నాను. తిన్నాక అమ్మ నా అరచేతిలో మాత్ర పెట్టింది.