లైటు వెయ్యని వరండా

మా వీధిలో మా ఆయనకు ఒక పేరుండేది. కంజూస్ నెట్టికంటప్ప. ఆ పేరు పెట్టింది ఎదురింటి మారమ్మ. మా ఊరు కుడతినిలో చీకటి పడ్డాక కూడా వరండాలో లైటు వెలగని ఇల్లు మాదొక్కటే. ఊరి పక్కనే బొగ్గు కాల్చి కరెంటు తయారుచేసే చోటు. ఆ పొగగొట్టాల మీద ఎర్ర దీపాలు మినుకుమినుకుమంటూనే ఉంటాయి. అంత వెలుతురు పక్కన పెట్టుకుని ఈ మనిషి చీకట్లో ఎందుకు కూర్చుంటాడని మారమ్మకు బాధ.

"ఏమప్పా నెట్టికంటప్పా, కరెంటు మనూర్లోనే చేస్తాండారు గదా. ఒక బల్బుకు సరిపోయేంత నీకియ్యరా?" అని వీధికి అడ్డంగా కేకేసేది.

"చెట్టు పండుకుండాదక్కా," అనేవాడు ఆయన.

"చెట్టు పండుకుంటే నువ్వు లోపలికి పొయ్యి కూచో."

"దానికి తోడుండాల గదా."

మారమ్మ నవ్వేది. లోపల రొట్టె తడుతూ నేనూ నవ్వేదాన్ని. ఆయన ఎగతాళికి అంటున్నాడో నిజంగా అంటున్నాడో ఇన్నేళ్లు కాపురం చేసినా నాకు తెలిసేది కాదు. అడిగితే ఆ మాటే మళ్లీ అనేవాడు.

ఆయన పుట్టింది మోక అనే ఊళ్లో. చిన్నప్పుడంతా మిరప చేలల్లో కూలి. పెళ్లయ్యాక తోరణగల్లు ఫ్యాక్టరీ కాలనీలో తోటపని దొరికింది. కాంట్రాక్టు పని. పొద్దున బస్సెక్కితే సాయంత్రం బస్సుకు దిగేవాడు. రోడ్డు మలుపు నుంచి మా ఇంటికి నడిచి వస్తుంటే చేతిలో టిఫిను డబ్బా, చంకలో ఏదో ఒక మొక్క. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి మేమిద్దరం మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశాం.

కాలనీ ఆఫీసుల ముందు ఏడాది చివర్లో ఎర్రాకు మొక్కల కుండీలు వరసగా పెడతారు. క్రిస్మస్‌కు అందరూ పెట్టుకునే మొక్క అది. దాని పువ్వు నిజానికి పువ్వు కాదు. కొమ్మ చివరి ఆకులే నెత్తురంత ఎర్రగా మారి పువ్వులా విచ్చుకుంటాయి. నడుమ పసుపుగా గింజల్లాంటివి ఉంటాయి, అవే అసలు పూలు. ఆ ఆకులు రాలిపోగానే కుండీలు ఖాళీ చేసి మొక్కల్ని కుప్పలో వేసేస్తారు. మా ఆయన ఆ కుప్పలోంచి ఒకటి ఏరుకొచ్చాడు.

"ఈ పుల్లనెందుకు మోసుకొస్తివి?" అన్నాను.

"ఇది సావలేదు. అలిసిపోయింది," అన్నాడు.

నీలం ప్లాస్టిక్ డ్రమ్ము సగానికి కోసి, అడుగున బొక్కలు పెట్టి, వరండా మూలలో స్తంభం పక్కన దాన్ని నాటాడు. అది పెరిగి నాకంటే పొడుగైంది. చుట్టూ ఇంకా చాలా మొక్కలు చేరాయి. పెయింటు డబ్బాలో దాసవాళం అనే మందారం, పిట్టగోడ మీద ముళ్ల చెట్టు, నీళ్ల తొట్టి పక్కన నీడలో ఆంథూరియం. అన్నీ ఎర్రపూలవే. ఒక్క తెల్లపువ్వు లేదు, ఒక్క పచ్చపువ్వు లేదు. ఎందుకని ఒకసారి అడిగాను.

"బస్సు దిగి మలుపు తిరిగితే మనిల్లు తెల్వాల గదా," అన్నాడు.

మా ఊళ్లో గాలి ఎటు తిరిగితే అటు బూడిద వస్తుంది. ఉతికిన బట్టల మీద, మంచినీళ్ల మూత మీద, ఆకుల మీద. ఆయన ఆదివారం పాత పంచె ముక్క తడిపి ఒక్కో ఆకునూ కింద అరచెయ్యి ఆనించి తుడిచేవాడు. కింద చెయ్యి పెట్టకుండా తుడిస్తే తొడిమ విరుగుతుంది. మన్నులో వేలు గుచ్చి చూసి, వేలికి తడి అంటకపోతేనే నీళ్లు పోసేవాడు. చలి తగ్గి ఎర్రాకులు రాలాక కొమ్మల్ని మోకాలెత్తుకు కత్తిరించి, కారే పాల మీద పొయ్యి బూడిద అద్దేవాడు. ఆ పాలు చర్మానికి తగిలితే మంట. నన్ను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. నేను గడపలో నిలబడి చూసేదాన్ని. అలా చూసిందే నాకు వచ్చిన విద్య.

పోయిన ఏడు పుష్యంలో ఆయన పనిలో ఉండగానే గుండె పట్టేసినట్టుందని చెట్టు నీడన కూర్చున్నాడట. తోటి పనివాడు గాళెప్ప ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఇంటికి తెచ్చేసరికి మనిషి లేడు. టిఫిను డబ్బా మూత కూడా తీయలేదు.

ఆయన్ను వరండాలోనే పడుకోబెట్టారు. ఆ రోజు ఎర్రాకు చెట్టు నిండా ఎరుపే. వచ్చిపోయేవాళ్ల భుజాలు తగిలి ఆకులు ఆయన మీద రాలాయి. ఎవరో వాటిని ఏరి తీసేస్తుంటే ఉండనివ్వమన్నాను. ఆ రోజు నేను మాట్లాడిన మాట అదొక్కటే అని మారమ్మ తర్వాత చెప్పింది.

తల పెట్టిన చోట దీపం వెలిగించారు. కర్మలు అయిపోయాక ఇక చాలన్నారు. నేను మానలేదు. సాయంత్రం అక్కడే ప్రమిద పెట్టేదాన్ని. గాలికి ఆరిపోతే మళ్లీ వెలిగించేదాన్ని. నేను అగ్గిపెట్టె పట్టుకుని లేవడం, కూర్చోవడం మారమ్మ చూసి కొడుకు హంపేశ్‌ను పంపింది. ఆ అబ్బాయి కరెంటు పని చేస్తాడు. నిచ్చెన, తీగ, బల్బు అన్నీ తనే తెచ్చాడు.

"ఊకూకే ఆరిపోయేదానితో ఎందుకు పరేషాన్ చిన్నమ్మా? ఇది ఏసినానంటే తెల్లారేదాకా ఉంటాది," అన్నాడు.

వరండా అంతా తెల్లగా అయిపోయింది. మా ఇల్లు మొదటిసారి వీధిలో అందరిళ్లలా కనిపించింది. చీకటి పడుతూనే వేసేదాన్ని, తెల్లారాక ఆర్పేదాన్ని. ఆయన తిరిగి రాడని నాకు తెలియక కాదు. అయినా మలుపు దగ్గర బస్సు ఆగిన చప్పుడు వినిపిస్తే, బల్బు వెలుగుతోందా అని తలెత్తి చూసేదాన్ని.

ఎర్రాకులు రాలాక ఆయనలాగే కొమ్మలు కత్తిరించాను, బూడిద అద్దాను. ఎండాకాలంలో వేలు గుచ్చి చూసి నీళ్లు పోశాను. వానలకు చెట్టు దట్టంగా చిగురించింది. అప్పుడు మనసులో ఒకటి అనుకున్నాను. ఆయన ఏడాది నాటికి ఈ చెట్టు నిండా ఎర్రబడి ఉండాలి. పోయిన రోజు ఎలా ఉందో అలాగే. ఆయనకు పెట్టడానికి నా దగ్గర ఇంకేముంది? వంట అందరూ చేస్తారు. ఈ ఎరుపు ఆయన చేతిది.

దసరా పోయింది. ఏటా దీపావళికల్లా కొమ్మల చివర్లు రంగు తిరిగేవి. ఈసారి దీపావళి వచ్చింది, మా ఇంట్లో పండుగ లేదు, చెట్టు మీద ఎరుపూ లేదు. ఆకులు ముదురు పచ్చగా, బలంగా ఉన్నాయి. జబ్బూ లేదు, పురుగూ లేదు.

నన్ను పలకరించడానికి వచ్చిన గాళెప్పకు చూపించాను. అతను దాని చుట్టూ తిరిగి చూశాడు.

"నాకు తెల్దు వదినా. మేము గుంత తవ్వమంటే తవ్వేటోళ్లం. దీని సంగతంతా అన్నకే తెలుసు. పేడ ఎరువు ఎయ్యి, చూస్తాం."

వేశాను. ఇంకా పచ్చబడింది.

"మనిషి పోయింది చెట్టుకు తెలుస్తాదిమ్మే," అంది మారమ్మ. "మా అత్త పోయినప్పుడు మా పెరట్లో కరేపాకు ఎండిపాయ. ఇదీ బేజారయ్యుంటాది. సుమ్నె దాని పాటికి దాన్ని వదిలెయ్."

నాలాగే దానికీ దుఃఖమని అనుకుంటే కొంచెం ఓదార్పుగానే ఉండింది. కానీ ఎండిపోలేదే. తింటోంది, తాగుతోంది, పెరుగుతోంది. ఎర్రబడడం ఒక్కటే మానేసింది. పొద్దున్నే లేచి కొమ్మ కొమ్మా చూడడం, ఏమీ లేక లోపలికి వచ్చి పొయ్యి వెలిగించడం. ఒక్కదానికి టీ పెట్టుకోవడంలో ఏముంది, అదీ ఒక్కోరోజు మానేసేదాన్ని.

కార్తీకంలో ఒక పొద్దున ఆకుల మీద బూడిద తుడుస్తూ స్తంభం వెనక్కి చెయ్యి పెట్టాను. గోడకూ స్తంభానికీ మధ్య ఇరుక్కున్న కొమ్మ ఒకటుంది. దాని చివర చిన్న ఆకు. ఆకు నడిమి ఈనె ఎర్రగా ఉంది. తడి గుడ్డతో రుద్దాను, పోలేదు. వంగి చూస్తే పక్క ఆకు కూడా సగం రంగు తిరిగింది.

ఎవరినీ పిలవలేదు. గుడ్డ పట్టుకుని అక్కడే కూర్చున్నాను. నీళ్లు అన్నిటికీ ఒకటే, ఎరువు ఒకటే, ఎండ దీనికే తక్కువ. అయినా దీనికే ఎందుకు వచ్చింది? పగలంతా అన్నం వండుతున్నా అదే ఆలోచన.

సాయంత్రం అలవాటుగా బల్బు వేశాను. చెట్టంతా తెల్లటి వెలుతురులో నిలబడింది. స్తంభం నీడ మాత్రం సన్నగా, నిలువుగా, సరిగ్గా ఆ ఒక్క కొమ్మ మీద పడింది.

చెట్టు పండుకుండాదక్కా.

ఆయన వరండాలో అగ్గిపుల్ల కూడా గీసేవాడు కాదు. నేను ఫోను లైటు వేసుకుని చెప్పుల కోసం వస్తే "ఆర్పు, ఆర్పు" అని కసిరేవాడు. రాత్రి షిఫ్టు బస్సు లైట్లు మలుపు తిరుగుతుంటే లేచి వరండా అంచున నిలబడేవాడు. కాళ్లు తిమ్మిరెక్కి లేస్తున్నాడని అనుకునేదాన్ని. అంతా కళ్ల ముందు కదిలింది. రాత్రంతా చీకట్లో ఉంటేనే ఈ చెట్టు ఎర్రబడుతుంది.

ముందు చెట్టుకు గోనెసంచి కప్పబోయాను. ఆ కొమ్మలు పెళుసు. సంచి లాగుతుంటే ఒకటి చటుక్కున విరిగి పాలు కారాయి. డ్రమ్ము జరపడం నలుగురి పని. ఇక మిగిలింది స్విచ్చే.

దాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాను. ఆ వెలుతురు ఆయన కోసం పెట్టింది. అది ఆర్పితే ఆయన్ను ఇక రావద్దన్నట్టు కాదా? ఆర్పకపోతే ఆయన పెంచిన చెట్టుకు కంటి మీద కునుకు లేదు. ఏ పక్క చూసినా ఆయనే.

ఆర్పేశాను.

కాసేపటికే మారమ్మ వీధి దాటి వచ్చింది.

"ఏమ్మే హులిగెమ్మా, బల్బు పోయిందా? హంపేశ్‌ని పంపించేదా?"

"లేదక్కా. నేనే ఆర్పినా."

"కార్తీకంలో దీపం ఆర్పుతావా! ఏడాది కూడా తిరక్కముందే! ఆయప్ప వస్తే ఇంత చీకట్లో, ఈ కత్తల్లో ఇల్లు ఎట్ల తెలుస్తాది?"

నేను ఏ మాటకు భయపడ్డానో ఆ మాటే అంది.

"చెట్టు పండుకుండాదక్కా," అన్నాను.

మారమ్మ మెట్టు మీద కూర్చుంది. స్తంభం వెనక ఆకు సంగతి, నీడ సంగతి చెప్పాను.

"అయితే ఆయప్ప నిజమే చెప్పినాడు. ఎన్ని తూర్లు కంజూస్ అన్నానో."

"ఆయన నవ్వుకుంటాండె లేక్కా."

"మా లైటు కూడా దీని మీద పడతాదా?"

"పడదక్కా. దూరముండాది."

"పడితే చెప్పు. మేమూ కత్తల్లో కూచుంటాం. కంజూస్ మారమ్మ అంటారు, అంతే గదా," అని లేచి వెళ్లింది.

ఆ రోజు నుంచి ఆయన కూర్చునే చోట గోనెసంచి మడిచి వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. మొదట్లో భయమేసేది. తర్వాత ఒకటి తెలిసింది. లైటు ఉన్నప్పుడు ఆయన చోటు ఖాళీగా కనిపించేది. చీకట్లో ఏది ఖాళీయో తెలియదు. పొగగొట్టాల ఎర్ర దీపాలు చూస్తూ ఉండేదాన్ని. మాట్లాడేవాళ్లు లేరు. చెట్టుకు నేను తోడో, నాకు అది తోడో.

పుష్యం వచ్చేసరికి చెట్టు ఎర్రబడింది. నిండుగా కాదు. పై కొమ్మలే. కింద కొన్ని ఆకులు సగం ఎరుపు, సగం పచ్చ, మనసు తేల్చుకోనట్టు. పోయిన ఏడు ఉన్నట్టు లేదు. నేను ఆలస్యంగా తెలుసుకున్నాను, అది ఆలస్యంగానే ఇచ్చింది.

ఏడాది నాడు కొమ్మ కోసి ఫోటోకు పెట్టమని గాళెప్ప అన్నాడు. కోయబుద్ధి కాలేదు. ఫోటోనే గోడ మీద నుంచి దించి తెచ్చి, డ్రమ్ము పక్కన పీట వేసి పెట్టాను. విస్తరి అక్కడే వేశాను. దీపం పగలే వెలిగించాను.

భోజనాలయ్యాయి, వచ్చినవాళ్లు వెళ్లారు. పొద్దు గుంకింది. గిన్నెలు సర్దుతున్న హంపేశ్ చీకటి పడుతోందని వరండా స్విచ్చు మీద చెయ్యి వేశాడు.

"ముట్టొద్దురా!" అని మారమ్మ వీధి సగం నుంచే అరిచింది. "చెట్టు పండుకుండాది!"

వాడు బెదిరి చెయ్యి తీసేశాడు. నాకు నవ్వొచ్చింది. ఏడాది తర్వాత నాకు వినపడిన నా నవ్వు అది. వినడానికి కొత్తగా ఉండింది.

వాళ్లూ వెళ్లిపోయారు. గోనెసంచి మడిచి వేసుకుని కూర్చున్నాను. కాసేపటికి రోడ్డు మలుపు దగ్గర బస్సు తిరిగింది. దాని వెలుతురు గోడల మీద పాకుతూ మా ఇంటి వైపు వస్తోంది. లేచి వెళ్లి వరండా అంచున, చెట్టుకు అడ్డంగా నిలబడ్డాను. వెలుతురు నా మీద పడి వెళ్లిపోయింది.