మా ఆయన కారు, ఊరి స్పీడ్ బ్రేకర్

మా ఆయన దివాకర్‌కి కారంటే ఇష్టమని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇష్టమనేది చిన్న మాట. మనిషికి కాఫీ ఇష్టముంటుంది, వక్కాకు ఇష్టముంటుంది. పొద్దున లేచి ముఖం కడుక్కోకముందే షెడ్డులోకి పోయి, దాని మీద కప్పిన గుడ్డ తీసి, రాత్రంతా ఎలా ఉందో చూసుకుని రావడాన్ని ఇష్టమనరు. పెళ్లయిన కొత్తలో నాకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టినప్పుడు కూడా ఆయన అలా వచ్చి చూడలేదు. గడప అవతల నిలబడి, "ఎట్లుండాది?" అని మా అత్తను అడిగి తోటకు పోయేవాడు.

చెడ్డవాడని చెప్పడం లేదు. వాన మీద ఆధారపడి శనక్కాయ వేసుకునే ఇంట్లో పుట్టాడు. పాతికేళ్లు రాకముందే నాయన పోతే ఇల్లు నెత్తిన పడింది. బోర్లు వేయించాడు, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మళ్లీ వేయించాడు. చివరికి ఒకదాంట్లో నీళ్లు పడితే చీనీ తోట, అదే బత్తాయి తోట, పెట్టాడు. ఆ తర్వాత బుక్కరాయసముద్రంలో డ్రిప్ పైపుల అంగడి తెరిచాడు. ఒక దఫా సర్పంచ్‌గా కూడా చేశాడు. ఊళ్లో నీళ్ల ట్యాంకు, సిమెంటు రోడ్డు, బడి ముందర స్పీడ్ బ్రేకర్ అన్నీ ఆయన హయాంలోనివే.

ఆ స్పీడ్ బ్రేకర్ గురించి కొంచెం చెప్పాలి. ఇసుక టిప్పర్లు బడి ముందు నుంచి ఆగకుండా పోతున్నాయని ఆయనే దగ్గర నిలబడి పోయించాడు. మేస్త్రీ చాలన్నా వినకుండా, "ఇంకో తట్ట ఎయ్యప్పా, నా కొడుకులు ఆగాల" అని పైకి లేపించాడు. అది చేను గట్టంత అయింది. టిప్పర్లు ఆగాయి. వాటితోపాటు నిండు నెలల ఆడవాళ్లు కూడా అక్కడ మోటార్ సైకిల్ దిగి, నడిచి దాటి, మళ్లీ ఎక్కడం మొదలుపెట్టారు. మా ఆయన దాన్ని చూసి చాలా రోజులు గర్వపడ్డాడు.

అలాంటి మనిషి ఆ కారు కొన్నాడు. బెంగళూరులో ఒక కంపెనీ ఆయన, మా అంగట్లో పైపులు తీసుకున్న పరిచయం, ఏదో దేశం పోతూ అమ్మేశాడట. దాని పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు. బాగా పండిన చీనీకాయ మాదిరి పసుపుపచ్చ రంగు. ఎత్తు నా నడుము దాకా కూడా లేదు. రెండే సీట్లు. మా ఆయన వెంట తిరిగే ఓబిలేష్, మోటార్లు బాగుచేసే మనిషి, ముందర మూత ఎత్తి చూసి బిత్తరపోయాడు.

"ఇంజన్ యాడుందన్నా? దుడ్లు తీసుకోని ఖాళీ డబ్బా ఇచ్చినారా ఏమి?"

"వెనకుండాదిరా. ముందర సామాన్లు పెట్టుకునేది."

మా అత్త చెన్నమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంత బతుకు బతికి నేల మీద కూచోని పోతావా నాయనా?" అంది.

నెలకోసారి బయటికి తీసి, నలుగురికీ చూపించి మళ్లీ గుడ్డ కప్పుతాడులే అనుకున్నాను. స్కార్పియో ఉండనే ఉంది. కానీ ఆయన ఆ పచ్చదాన్నే రోజూ వాడడం మొదలుపెట్టాడు. అంగడికి అదే, తోటకు అదే, ఎరువులకు అదే, చావుకు పోయినా అదే. బోరు మోటారు స్టార్టర్‌ను పాత దుప్పట్లో చుట్టి ముందర డబ్బాలో పెట్టుకుని పోయేవాడు. చావు ఇంటికి పోతే దాని ఇంజన్ మోత వినపడకుండా ఊరి బయటే ఆపి ఎండలో నడిచేవాడు. తోట దారి ఎర్రమట్టి దారి. గుంతలున్న చోట దిగి, చెప్పుకాలుతో రాళ్లు పక్కకు తోసి, మళ్లీ కూచుని నడిపేవాడు. నా కాలికి ముల్లు గుచ్చుకుంటే, "చూసుకోని నడవాల" అన్న మనిషి ఆయనే.

ఊళ్లో ఆడవాళ్లు నవ్వుతూ దాన్ని నా సవతి అన్నారు. సవతి అయితే జుట్టు పట్టుకోవచ్చు. దీన్ని నేను ఏం చేయాలి? ఒకరోజు ఎవరూ లేనప్పుడు దాని అద్దం మీద కుంకుమ చేత్తో ఒక గీత గీశాను. సాయంత్రానికి తుడిచేశాడు. ఎవరు గీశారని కూడా అడగలేదు.

అసలు నా కడుపుమంట దాని రంగు మీదా కాదు, మోత మీదా కాదు. ఆ రెండో సీటు మీద. మా ఇళ్లలో ముందర సీటు మగవాళ్లది. స్కార్పియోలో ఆయన ముందు కూచుంటాడు, నేను వెనక అత్త పక్కన, ఒళ్లో సంచులు పెట్టుకుని. మా అన్న కారులో పోయినా అంతే. పెళ్లయిన నాటి నుంచి ఏ ప్రయాణంలోనైనా నేను చూసింది ఆయన మెడ వెనక భాగమే. అక్కడున్న పుట్టుమచ్చ నాకు తెలిసినంత బాగా ఆయన ముఖం తెలియదు. ఈ కారుకు వెనక సీటే లేదు. అందులో ఎక్కితే ఆయన పక్కనే కూచోవాలి, వేరే దారి లేదు. కారు వచ్చిన రోజే ఈ సంగతి నాకు తట్టింది. అడగకూడదని కూడా ఆ రోజే అనుకున్నాను. ఆయనే రమ్మనాలి.

మొదట రమ్మన్నది వాళ్లమ్మను. అది న్యాయమే. కంటి డాక్టర్ దగ్గరికి అనంతపురం తీసుకుపోయాడు. స్పీడ్ బ్రేకర్ దగ్గరికి రాగానే ఆపి, "మా, రోంత దిగు. బరువుంటే కింద తగుల్తాది" అన్నాడట. దిగడమంటే మాటలా? ముసలామెను రెండు చేతులూ పట్టి పైకి లాగాల్సి వచ్చింది. ఆమె నడిచి దాటింది, ఆయన కారును అడ్డంగా తిప్పి, ఒక్కో చక్రమే ఎక్కించి దాటించాడు. ఇదంతా నాకు చెప్పింది ఓబమ్మ. బడి ఎదురుగా పాల కేంద్రం నడుపుతుంది. ఆమె కన్నుగప్పి ఆ బ్రేకర్ దాటిన బండి లేదు.

ఆ తర్వాత ఆ సీటు ఓబిలేష్‌ది అయింది. వాడు బ్రేకర్ వచ్చేలోపే దిగి, ముందుకు పరుగెత్తి, వంగి చూస్తూ, "రా అన్నా, రా, రా, రైట్" అని బస్సు కండక్టర్ లాగా కేకలు పెట్టేవాడు. నేను మేడ మీద బట్టలు ఆరేస్తూ వినేదాన్ని. ఓబిలేష్ మీద కూడా కుళ్లుకునే స్థితికి వచ్చానంటే నా మీద నాకే రోతగా ఉండేది. అయినా కుళ్లుకున్నాను.

ఇంతలో మా మరిది అభిలాష్ భార్య పద్మప్రియ వచ్చింది. బెంగళూరులో ఉద్యోగం. సన్నగా ఉంటుంది, మంచి పిల్లే, అక్కా అక్కా అంటూ వెనకే తిరుగుతుంది. కలిసి వచ్చిన అభిలాష్ ముందే వెళ్లిపోయాడు. ఆ పిల్ల రైలు అనంతపురంలో మధ్యాహ్నం. ఆ రోజు స్కార్పియో రిపేరుకు పోయింది.

"బావా, మీ కారులో దింపుతారా?" అని అడిగేసింది. అంతే. నేను మనసులో దాచుకున్నది ఆ పిల్ల నోటితో అడిగేసింది. మా ఆయన నేల చూపులు చూస్తూ, "దానికేముందమ్మా, రా" అన్నాడు. నేను ఆ పిల్లకు చపాతీలు కట్టిచ్చి, గేటు దాకా పోయి, చేయి ఊపాను.

ఆ సాయంత్రం మా ఆయన షెడ్డులో చాప పరుచుకుని, టార్చి పట్టుకుని కారు ముందర పడుకుని ఉన్నాడు. చేతిలో చిన్న రంగు డబ్బా, బ్రష్షు.

"ఏమైంది?" అన్నాను.

"రాయి తగిలినట్టుండాదిలే" అన్నాడు.

మర్నాడు పాలు పోయడానికి పోతే ఓబమ్మ నా క్యాను పట్టుకుని ఆపేసింది. "నిన్న మీ తోడికోడలు దిగనే లేదు సునందక్కా. నల్లద్దాలు పెట్టుకోని రాణి మాదిరి కూచోనుండాది. మీ ఆయన ఏమీ అనకుండా అట్లే దాటిచ్చినాడు. కర్రుమని గీరుకుండాది, ఈడికి వినపడింది."

రాయి కాదన్నమాట. కన్నతల్లిని రెక్కలు పట్టి దింపిన మనిషి, ఆ పిల్లను దిగమనలేకపోయాడు. ఆ పిల్ల కోసం కారును గీకించుకున్నాడు. పైగా నాతో అబద్ధం. ఆ రోజు చారులో ఉప్పు వేయలేదు, మరిచిపోయి కాదు. ఆయన ఒక ముద్ద తిని, నా ముఖం చూసి, ఉప్పు అడగకుండా మొత్తం తిన్నాడు. తప్పు చేసినట్టు తెలుసన్నమాట అనుకుని ఇంకా మండిపోయాను.

అప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. నేను ఆ సీట్లో కూచున్న రోజు, ఆ బ్రేకర్ దగ్గర, నన్ను దిగమంటాడా, అనడా? ఇన్నేళ్ల కాపురంలో నేను ఆయనకు ఏమిటో అక్కడ తేలిపోతుందని నా మనసులో పడిపోయింది. పిచ్చి అనుకోండి. అది తెలియకుండా నాకు అన్నం దిగలేదు.

ఆ రోజు రానే వచ్చింది. మడకశిరలో మా అక్క కూతురి శ్రీమంతం. అదే రోజు కొత్తచెరువులో మా అత్త తరపు వాళ్ల పెళ్లి. స్కార్పియో నిండా మా అత్త, ఆమె మందీమార్బలం ఎక్కి పోయారు. ఇంట్లో మిగిలింది నేను, ఆయన, ఆ పచ్చది.

"బిర్నా తయారు గా. దీంట్లో పోదాం" అన్నాడు, షెడ్డు వైపు చూస్తూ. అదే ఆయన రమ్మనడం.

పెళ్లిరోజుకు కొన్న ధర్మవరం పట్టుచీర కట్టుకున్నాను. కుచ్చిళ్లు సర్దుకుని, తల వంచి, లోపల కూలబడ్డాను. నేల ఇంత దగ్గరగా పరుగెత్తుతుందని నాకు తెలియదు. కానీ నేను నేలను ఎక్కువసేపు చూడలేదు, ఆయన్ను చూశాను. గేరు మార్చినప్పుడల్లా కింది పెదవి పంటితో నొక్కుకుంటాడు. చెవి దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఇవన్నీ ఓబిలేష్‌కు ఎప్పుడో తెలిసి ఉంటాయి.

బడి కనపడింది. ఆయన నెమ్మది చేసి, బ్రేకర్ ముందు ఆపి, నా వైపు తిరగకుండానే అన్నాడు.

"దిగు సునందా."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో. చెంబు అందుకో అన్నట్టు. ఎదురుగా ఓబమ్మ పాల క్యాను మీద చేయి వేసి మమ్మల్నే చూస్తోంది. నేను కదల్లేదు.

"పద్మప్రియకు చెప్పినావా దిగమని?"

ఆయన చేయి గేరు మీద ఆగిపోయింది.

"ఆ పాపకు ఎట్ల చెప్పేది? తమ్ముని పెండ్లాం. బయట నుంచి వచ్చిన మనిషి. బావ నడిరోడ్డు మీద దించినాడంటే ఏమనుకుంటాది? నువ్వయితే ఇంటి మనిషివి. నీకు చెప్పేదానికేముండాది?"

"ఇరవై రెండేండ్ల నుంచి ఇంటి మనిషినే ఉండాను. గడప కాడ నిలబడి అడిగితే చాలు నాకు, వెనక కూచుంటే చాలు నాకు, దిగమంటే దిగితే చాలు. ఈ ఒక్క దినం నన్ను కూడా బయట మనిషే అనుకోప్పా."

వెనక ఎవరో మోటార్ సైకిల్ హారన్ కొట్టారు. మా ఆయన నా వైపు తిరిగి చూశాడు. నా చీర చూశాడు, ముఖం చూశాడు. తర్వాత కారును కొంచెం వెనక్కి తీసి, అడ్డంగా తిప్పి, ముందుకు పోనిచ్చాడు.

కర్రుమని మొదలైంది. ఆగుతుందనుకుంటే ఆగలేదు. నా కాళ్ల కింద నుంచి పొడుగ్గా గీసుకుంటూ పోయింది. పన్ను పీకించుకున్న రోజు పెట్టిన ముఖమే పెట్టాడు మా ఆయన. నాకు పాపమనిపించలేదు. ఆ మోత ఇంకొంచెంసేపు ఉంటే బాగుండుననిపించింది.

దాటాక దిగి చూస్తాడనుకున్నాను. చూడలేదు. మెయిన్ రోడ్డెక్కాడు. చాలా దూరం పోయాక, "ఏసీ పెంచల్లా?" అని అడిగాడు. చాలన్నాను. మడకశిర దాకా ఆయన ముఖం పక్క నుంచి చూస్తూనే పోయాను. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడే మా వాళ్లంతా కారు చుట్టూ మూగితే, మా ఆయన ఎవరినీ ముందు వైపు పోనివ్వలేదు. అక్కడే అడ్డం నిలబడి కాఫీ తాగాడు.

తిరుగు ప్రయాణంలో పొద్దుగూకే వేళకు ఊళ్లోకి వచ్చాం. బ్రేకర్ ముందు ఆయన ఆపాడు. దిగమనలేదు. పెదవి పంటి కింద పెట్టుకుని, గేరు మీద చేయి వేసి, కారును తిప్పబోయాడు. నేను తలుపు తీశాను.

"కూచో, ఏం గాదు" అన్నాడు.

"కాలు పట్టుకుండాది. రోంత నడుస్తా."

దిగి కారు ముందుకు వచ్చాను. ఓబమ్మ పాల కేంద్రం గడపలోకి వచ్చేసింది.

"దిగమన్నాడా సునందక్కా?"

"ఎవురూ అనలే. నేనే దిగినా" అన్నాను, అవతల బడి గోడకు కూడా వినపడేలా.

కుచ్చిళ్లు సర్దుకుంటున్నట్టు కూచుని, కారు ముందర బంపర్ కిందికి తొంగి చూశాను. రెండు గీతలున్నాయి. ఒకటి పాతది, దాని మీద పచ్చరంగు పూసి ఉంది. ఇంకొకటి కొత్తది, రంగంతా లేచిపోయి లోపలి నలుపు కనపడుతోంది. చేయి చాపి జేన పెట్టి చూశాను. పద్మప్రియది జేనలో సగం కూడా లేదు. నాది జేన దాటి, చక్రం వైపు ఇంకా పోయింది.

మా ఆయన అద్దం దించి తల బయటికి పెట్టాడు. "ఏం చూస్తాండావు ఆడ?"

నేను లేచి, చేతులు దులుపుకుని, పక్కకు తప్పుకున్నాను.

"ఏమీ లేదులే, రాయి తగిలినట్టుండాది" అన్నాను. "రా, రా, రైట్."