మా బూత్ మాత్రం మాదే

ఆ ఏడాది ఎండలు ముదరకముందే మా పార్టీకి చెమటలు పట్టాయి. సార్వత్రిక ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. మేము ప్రతిపక్షంలో ఉన్నాం. టీవీలో ఏ సర్వే వచ్చినా మా అంకె కిందటిసారి కంటే తక్కువే. మైపాడులో నా టైలరింగ్ షాపుకు జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా, "ఏమ్మే, మీ పార్టీ ఇంకా కిందికి పోయినట్టుందే?" అని నవ్వేవాళ్ళు. "పోనీలే వదినా, లేస్తుంది," అనేదాన్ని. లోపల మాత్రం దిగులుగా ఉండేది.

పెళ్ళయిన కొత్తలోనే నేను ఆ పార్టీలో కార్యకర్తగా చేరాను. మీటింగు ఉందంటే ఆడవాళ్ళను పోగుచేసి ఆటోలు ఎక్కించడం, నాయకులొస్తే పూలు చల్లడం, ఇదే నా పని. చర్చిలో పాటలు పాడతాను కాబట్టి నా గొంతు పెద్దదని అందరికీ తెలుసు. ఆ గొంతును నినాదాలకు వాడుకున్నారే గాని, వేదిక మీదికి వచ్చి ఒక మాట మాట్లాడమని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు.

సర్వేల్లో అంకె పడేకొద్దీ మనుషులు జారిపోయారు. మొదట కుర్రకారు ఫోన్లు ఎత్తడం మానేశారు. తర్వాత ఒకరోజు పొద్దున్నే వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. మా మండల నాయకుడు అధికార పార్టీ కండువా కప్పుకుని నవ్వుతున్నాడు. ఆ సాయంత్రమే మా ఊళ్ళో మా అభ్యర్థి మీటింగు. నడపాల్సింది ఈయనే. వెంటనే ఫోన్ చేశాను.

"ఏందన్నా ఇది? సాయంత్రం మీటింగు సంగతేంది?"

"సర్వేలు చూస్తుండావు కదమ్మా. మునిగిపోయే పడవలో నన్ను కూర్చోమంటావా? నువ్వు కూడా వచ్చేయ్. ఏదో ఒక పదవి ఇప్పిస్తా."

"నేను పడవలోళ్ళ ఇంటి కోడల్నన్నా. నీళ్ళొస్తే దూకమని మా అత్త నేర్పలా, తోడిపొయ్యమని నేర్పింది," అని పెట్టేశాను.

సాయంత్రం చేపల వేలం వేసే చోట ప్రచారం వ్యాను ఆగింది. జనం పలచగా ఉన్నారు. పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్ళు, కాస్త దూరంగా వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు. మా అభ్యర్థి ఎన్నికలకు కొత్త. ఊరూరా తిరిగి ఆయన గొంతు పూర్తిగా పోయింది. వ్యాను మీంచి కిందికి వంగి నాతో గుసగుసగా అన్నాడు.

"అక్కా, నాకు మాట రావడం లేదు. మీరు రెండు ముక్కలు మాట్లాడండి."

"నాకు ఉపన్యాసాలు రావన్నా."

"వచ్చినట్టే మాట్లాడండక్కా. ఇంకెవరున్నారు?"

నిజమే, ఇంకెవరూ లేరు. చెప్పులు కింద వదిలి వ్యాను ఎక్కాను. మైకు కీచుమంది. ఎదురుగా ఉన్న మొహాలన్నీ నాకు తెలిసినవే. సగం మంది జాకెట్ కొలతలు కూడా తెలుసు. అది తలుచుకోగానే భయం కొంచెం తగ్గింది.

"టీవీలో మనం ఓడిపోతుండామంట," అన్నాను. "ఓడిపోయేవాళ్ళకి అబద్ధం చెప్పాల్సిన పనేముందమ్మా? అందుకని నేను నిజమే మాట్లాడతా. మన ఆడపిల్లలు నెల్లూరు కాలేజీ నుంచి వచ్చే సాయంత్రం బస్సు ఆపేసినారు. ఆటో నిండేదాకా కదలదు. చీకటి పడిందాకా ఆ పిల్లలు రోడ్డు మీద నిలబడుండారు. ఇద్దరు పిల్లలు చదువే మానేసినారు. దీని గురించి ఏ పార్టీ అయినా అడిగిందా? మా పార్టీ కూడా అడగలా."

వలల దగ్గర మగవాళ్ళు లేచి దగ్గరికి వచ్చారు. ఒక ముసలామె, "అడగవే, గట్టిగా అడుగు!" అని అరిచింది. నేను మా అభ్యర్థి వైపు తిరిగాను.

"అన్నా, గెలిస్తే అందరూ వస్తారు. ఓడిపోయినా నువ్వు మాతో బస్సు డిపోకి వస్తావా, రావా? ఈడ్నే చెప్పు."

ఆయన ఒక్క క్షణం బిత్తరపోయాడు. తర్వాత మైకు అందుకుని, బొంగురు గొంతుతోనే, "వస్తానక్కా. ఓడిపోయినా వస్తా," అన్నాడు.

అప్పుడు పడిన చప్పట్లు ఈరోజుకీ నా చెవుల్లో ఉన్నాయి.

ఆ రాత్రి మా ఆయన సముద్రం నుంచి వచ్చాడు. నా రాజకీయాలంటే ఆయనకు ఎప్పుడూ విసుగే. అన్నం ముందు కూర్చుని, "నీ గొంతు బోటు కాడికి వినిపించింది," అన్నాడు. "ఇంజన్ ఆపేసి అందరం విన్నాం." నాకు అది చాలు.

మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగాం. సర్వేల్లో మా అంకె ఇంకా కిందికి పోయింది. మేము చూడటం మానేశాం. అధికార పార్టీ ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూడా మంచినీళ్ళిచ్చి, "బస్సు సంగతి మాట్లాడినావంట కదా," అని కూర్చోబెట్టారు.

ఓట్ల లెక్కింపు రోజు నెల్లూరులో మా పార్టీ ఏజెంటుగా కూర్చున్నాను. రౌండు రౌండుకీ మేము వెనకబడ్డాం. సర్వేలు అబద్ధం చెప్పలేదు. మధ్యాహ్నానికి మా ఊరి ఓటింగు యంత్రాలు తెరిచారు. మొదటిదానిలో మాకు ఆధిక్యం. రెండోదానిలో ఇంకా ఎక్కువ. కుర్చీలోంచి లేచి అరిచేశాను. పోలీసాయన కూర్చోమన్నా కూర్చోలేకపోయాను. పక్కనున్న అధికార పార్టీ ఏజెంటు ఆశ్చర్యంగా అడిగాడు.

"రాష్ట్రమంతా పోయింది కదక్కా, మీ ఊళ్ళో ఏం చేసినారు?"

"మాట్లాడినామయ్యా. అంతే."

రాష్ట్రంలో ఓడాం, నియోజకవర్గంలో ఓడాం. అయినా నేను ఊళ్ళో ఆటో దిగేసరికి ఆడవాళ్ళు పూలతో నిలబడి ఉన్నారు. ఈసారి ఆ పూలు నా మీద చల్లారు.

ఓడిన మా అభ్యర్థి మాట తప్పలేదు. రెండు పార్టీల ఆడవాళ్ళం కలిసి ఆయనతో డిపోకి వెళ్ళాం. ఒకసారి కాదు, పదే పదే వెళ్ళాం. ప్రతిసారీ మాట్లాడింది నేనే. చివరికి బస్సు మళ్ళీ వేశారు. ఆరోజు సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు.

"అక్కా, వచ్చిందా?"

"వచ్చిందన్నా! ఫుట్‌బోర్డు మీద కూడా చోటు లేదు," అన్నాను, బస్సు హారను మోతలో ఆయనకు వినపడేలా అరుస్తూ.