టేపు వేయనా?

దాని అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప నాకు కూడా గుర్తు రాదు. నా కుట్టుశిక్షణ గదిలో అందరికీ అది రేడియో. పదిహేడేళ్ళ పిల్ల. బడి వదిలాక సాయంత్రాలు పని నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లల్లో అదే పెద్దది, పొడుగైనది, నోరు గలది. వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. ఇంట్లో ఆయన గొంతు తప్ప మరొకటి లేవదు. అక్కడ మింగిందంతా పిల్ల ఇక్కడికొచ్చి కక్కేది. మిషను తొక్కుతూనే వార్తలు చదివేది. ఏ అబ్బాయి ఎవరి వంక చూశాడు, నెలసరిలో ఏం తినకూడదు, ప్రేమంటే ఏమిటి, అన్నీ దానికి తెలుసు. నీకెవరు చెప్పారే అంటే "అందరూ అంటారక్కా" అనేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా!

నేనిది దాన్ని వెనకేసుకు రావడానికే రాస్తున్నాను. ఈ వీధి అనుకున్నదొకటి, జరిగింది మరొకటి. నచ్చనివాళ్ళు చొక్కాలు వేరేచోట కుట్టించుకోండి.

నా గదిలో ఒక నియమం ఉంది. మనిషి ఒంటి మీద కొలత తీసేముందు "టేపు వేయనా?" అని అడగాలి. "వేయి" అన్నాకే చెయ్యి కదలాలి. "చాలు" అంటే కొలత సగంలో ఉన్నా టేపు తీసేయాలి. నేను పని నేర్చుకున్న చోట ఈ మర్యాద లేదు. అందుకే నా చోట పెట్టాను. పిల్లలు ఒకరి మీద ఒకరు కొలతలు తీసి నేర్చుకుంటారు కాబట్టి గదిలో ఎప్పుడూ అదే మాట. మొదట్లో కిసుక్కున నవ్వేవాళ్ళు, తర్వాత అలవాటైపోయింది. నోటికి అలవాటైంది గానీ బుర్రకెక్కలేదు.

ఎందుకంటే రేడియో వార్తల్లో ప్రేమ వేరే. "కోపం వచ్చిందంటే వాడికి నువ్వంటే ప్రాణమన్నట్టేనే. కోపం రానివాడు ప్రేమించనట్టే." రోజూ ముఖ్యాంశం ఇదే. నేను విసుక్కుంటే నవ్వేసేది. పిల్లలకు నా మాట కంటే దాని మాటే రుచి.

ఆ మాటలు నోరు తెరుచుకుని వినేది బొత్తాం. పదిహేనేళ్ళది, అందరికంటే చిన్నది. ఎప్పుడూ మూల కూర్చుని బొత్తాలు కుడుతుంది కాబట్టి ఆ పేరు. రేడియో ఏది చెబితే దానికి అదే వేదం.

ఒకరోజు చేతి పొడవు కొలవడం నేర్పుతున్నాను. రేడియో బొత్తాం ముందు నిలబడి "టేపు వేయనా?" అంది. బొత్తాం "వద్దు" అంది. ఆ మాట మా గదిలో అంతకుముందు ఎవరూ అనలేదు. రేడియో వేళాకోళమనుకుంది. "పోవే, చేతుల్లో ఏం దాచావ్?" అంటూ మణికట్టు పట్టి లాగింది. పిల్ల కెవ్వుమంది. చొక్కా చెయ్యి పైకి జరిగితే, వేళ్ళ గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి.

"ఎవరే?" అన్నాను.

బొత్తాం సిగ్గుపడలేదు సరికదా, గర్వంగానే చెప్పింది. "మా క్లాసబ్బాయి అక్కా. వేరేవాళ్ళతో మాట్లాడానని కోపమొచ్చింది. వాడికి నేనంటే ప్రాణం. రేడియో అక్క చెప్పింది కదా, కోపమొస్తే అంతేనని."

రేడియో మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఆ సాయంత్రం మిషను ముట్టలేదు.

మర్నాడు వచ్చి గది మధ్యలో నిలబడింది. "వినండే. నేను చెప్పిన వార్తలు తప్పు. లాగేవాడిది ప్రేమ కాదు. టేపుకే అడగాలంటే మనిషిని ముట్టుకోవడానికి అడగక్కర్లేదా? వద్దంటే వదలాలి. వదలకపోతే వెంటనే మనలో ఒకరికి చెప్పాలి. మిగతావి నాకు తెలీదు. నాకు తెలీదని నేనే చెబుతున్నా, చాలా?"

తెలియనివాటి కోసం అదే పిల్లలందరినీ వెంటేసుకుని ఆరోగ్య కేంద్రంలో నర్సు దగ్గరికి వెళ్ళింది. ఒక్కత్తే అయితే ఏ పిల్లా గుమ్మం తొక్కేది కాదు. గుంపుగా వెళితే సిగ్గు తలా కాస్త పడుతుంది. నెలసరి నొప్పి, గర్భం ఎలా వస్తుంది, జబ్బులెలా అంటుకుంటాయి, మనం నోరు నొక్కేసిన ప్రశ్నలన్నీ అడిగారు. ఆవిడ దాచకుండా చెప్పింది. ఆ తర్వాత బొత్తాం బడిలో టీచరుకు తన చెయ్యి చూపించింది. అప్పుడూ వీళ్ళంతా పక్కనే ఉన్నారు. ఆ అబ్బాయి ఇప్పుడు దాని దరిదాపులకు రాడు.

ఇక వీధి మొదలుపెట్టింది. పెదవి దాటితే పృథివి దాటుతుంది కదా. పెళ్ళికాని పిల్లలకు నర్సుతో ఏం పని? ఆ పొడుగుపిల్లే అందరినీ చెడగొడుతోంది! చిన్నపిల్ల చెయ్యి కమిలిపోతే ఒక్కరికీ నోరు లేవలేదు. పిల్లలు ప్రశ్న అడిగేసరికి అందరికీ పరువు గుర్తొచ్చింది. నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రేడియో వాళ్ళ నాన్న డ్యూటీ బట్టల్లోనే ఒంటికాలి మీద లేచి వచ్చాడు. "కుట్టూ వద్దు, చదువూ వద్దు. రేపట్నుంచి ఇది గడప దాటదు" అంటూ రేడియో మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు నాన్నా" అంది అది. ఊరందరికీ వార్తలు చదివిన గొంతు గొణుగుడై బయటికొచ్చింది.

"లాక్కెళ్ళడానికి వీల్లేదు, ఇది నా గది" అన్నాను.

"నా కూతురు, నా ఇష్టం. మీరెవరమ్మా మధ్యలో?"

మూలలో బొత్తాం లేచి నిలబడింది. ఒళ్ళోని బొత్తాలన్నీ జలజలా రాలాయి. "అడిగారా బాబాయ్?"

"ఏమిటే అడిగేది?"

"చెయ్యి పట్టుకునేముందు. అక్క వద్దంటోంది."

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. పిల్లలు ఒక్కొక్కరే లేచారు. "అడిగారా బాబాయ్?" అని ఒకతె. "వద్దంటోందిగా" అని ఇంకొకతె. ఆయన అందరినీ చూశాడు. తర్వాత తన వేళ్ళకేసి చూశాడు. వాటి కింద కూతురి చెయ్యి తెల్లగా పాలిపోయి ఉంది. వదిలాడు.

"వస్తావా?" అన్నాడు, గొంతు గరుకుగానే. ఆ పిల్లను ఆయన ఏదైనా అడగడం అదే మొదటిసారేమో.

"ఇప్పుడు రాను నాన్నా. ఈ గౌను అయ్యాక వస్తాను."

ఆయన బయటికెళ్ళి గుమ్మం పక్క బెంచీ మీద కూర్చున్నాడు. రేడియో మిషను దగ్గర కూర్చుంది. మిగిలింది అంచు మడత ఒక్కటే, చిటికెలో అయిపోయే పని. ఆ రోజు మాత్రం తీరిగ్గా, చీకటి పడేదాకా కుట్టింది.