చుక్కలు లేని కన్నమ్మ

2025 వేసవి. భోపాల్‌పట్నంలో నాదొక చాయిస్ సెంటర్: ఆధార్ సవరణలు, దరఖాస్తులు, ఫోటోలు. సర్కారుకూ జనానికీ మధ్య నేనూ, ఒక ప్రింటరూ ఉంటాం. ఇద్దరిలో ప్రింటరుకే అలక ఎక్కువ.

తునికాకు కోతల రోజుల్లో కన్నమ్మక్క వచ్చింది. ఆమె పక్క ఊరి మితానిన్, అంటే ఇంటింటికీ తిరిగి బాలింతల్నీ పసిపిల్లల్నీ చూసుకునే ఆరోగ్య కార్యకర్త. ఫోను నా ముందు పెట్టింది. అందులో ఆమే చెబుతోంది: "పిల్లలకు టీకాలు ఏయించకుండ్రి. నా మనవడికి నేను ఏయించలే."

"ఇట్లెందుకన్నవక్కా?"

"నేనన్లే తమ్మీ."

మొహం ఆమెదే. గొంతూ ఆమెదే. మనిషి అనని మాటను ఆ మనిషి మొహంతో, గొంతుతో కంప్యూటరు అనిపిస్తే అది డీప్‌ఫేక్. అవి మంత్రులకూ సినిమావాళ్లకూ జరిగేవనుకున్నాను. మా ఊరు అంత ఎదిగిందని తెలియదు.

ఆ ఉదయమే వాళ్ల ఊళ్లో టీకాలు. వీడియో అప్పటికే అందరి ఫోన్లలో ఉంది, ఒక్క తల్లీ రాలేదు. "నీ మనవడికి ఒద్దుగానీ మా పిల్లలకు పొడుస్తవా" అని తలుపులు వేసుకున్నారట.

ఠాణాకు అర్జీ టైపు చేయడానికి కూర్చున్నాను. అక్కడ రాతపని చూసే మున్షీ మొదట అడిగేది "ఏ ధార?" అని, అంటే ఏ సెక్షనని. ఇలాంటి వాటికి కొన్ని రాష్ట్రాలు ప్రత్యేక చట్టాలు తెచ్చే పనిలో ఉన్నాయని చదివాను. అవి మా దాకా వచ్చేలోపు, ఐటీ చట్టంలో వేరొకరిలా నటించి మోసం చేయడమనే సెక్షన్ దొరికింది.

"ఇది నకిలీదని ఎట్ల చెప్తమక్కా?"

ఆమె ఫోను కళ్లకు దగ్గరగా పట్టుకుంది. "నా గదవ మీది పచ్చబొట్టు ఏది?"

లేదు. చిన్నప్పుడు గడ్డం మీద వాళ్లమ్మ పొడిపించిన మూడు చుక్కలు. మనిషి చనిపోయినా వెంట వచ్చేవి అవేనంటారు వాళ్ల ఊళ్లో.

దొరికిందని సంబరపడ్డాను. ఆ సంబరం అర నిమిషం ఉంది. వీడియోలో ఆమె వెనక గోడకు వేలాడుతున్నది నా దుకాణం క్యాలెండరు.

చలికాలంలో "టీకాలు వేయించండి" అని ఆమె చెబుతుంటే క్లిప్ తీసింది నేనే. మొహాన్ని నునుపు చేసే బ్యూటీ ఫిల్టర్ వేశాను. అది చుక్కల్ని మచ్చలనుకుని తుడిచేసింది. బాగుందనుకుని ఊరంతా పంచాను. ఎవడో దాని మీదే ఆమె అనని మాటలు అతికించాడు.

 అక్కకు అదంతా చెప్పాను.

"నువ్వు తుడ్సినవా?" వేలితో కీబోర్డు చూపించింది. "అది గూడ రాయి."

రాశాను. సాక్షి చోట నా పేరు పెట్టాను. ఆమె ఫోనులోని గదవనూ తన గదవనూ పక్కపక్కన చూపిస్తూ ఇంటింటికీ తిరిగింది. మొదట గదవ చూసి తలుపు తీసింది ముసలమ్మలే. మరుసటి వారం తల్లులు వచ్చారు, అందరూ కాదు.

చట్టం వచ్చాక అది చేసినవాడికి ఏ ధార పడుతుందో పడనీ. అడక్కుండా ఆ మొహాన్ని మొదట మార్చింది మాత్రం నేను, అదీ ఉచితంగా.

ఊరికి చూపించడానికి కొత్త వీడియో కావాలంది కన్నమ్మక్క. కెమెరా ఎత్తగానే గదవ ముందుకు చాపింది.

"ఈసారి నా మొకం నాకే ఉంచు తమ్మీ."