ఒకే ఏడుపు, రెండు కరపత్రాలు

1964. సూళ్లూరుపేట బజారులో నాకొక చిన్న ప్రెస్సు ఉండేది. ఒక ట్రెడిల్ మిషను, అంటే కాలితో తొక్కి నడిపేది, నాలుగు చెక్క కేసుల్లో తెలుగు టైపు (సీసపు అక్షరాలు), నేను, నా భార్య సావిత్రి. అంతే మా బలగం. అక్షరాలు ఏరి కూర్చే కంపోజింగు, మిషను తొక్కడం నా వంతు. ప్రూఫు దిద్దడం, కాగితం కోసి కట్టలు కట్టడం ఆమె వంతు. మామూలు రోజుల్లో శుభలేఖలు, తిరునాళ్ల నోటీసులు వేసుకుని బతికేవాళ్లం. ఎన్నికలొస్తే మాత్రం అన్నం తినడానికి కూడా తీరిక దొరికేది కాదు.

వృత్తిలో నాకొక సిద్ధాంతం ఉండేది. ఎవరొచ్చినా వేస్తాను. "సిరాకు పార్టీ ఏముందయ్యా? స్వతంత్రం వచ్చింది, ఎవరి మాట వాళ్లు చెప్పుకోవచ్చు" అని వచ్చిన వాళ్లందరికీ ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. పొద్దున ఒక వర్గానికి వేసి, మధ్యాహ్నం దాన్ని తిట్టే వర్గానికి వేసేవాణ్ణి. ఒకరి కట్టలు ఇంకొకరి కంట పడకుండా తడిక వెనక పెట్టడమే నా రాజనీతి. ఆ సిద్ధాంతం తప్పని ఇప్పటికీ అనను. దాన్ని నేను ఎంత దూరం పాటించానన్నదే చెప్పబోతున్నాను.

ఆ ఏడు పంచాయతీ ఎన్నికలు జరిగాయి. దొరవారిసత్రానికి తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లె. పేరు చెప్పను, ఆ కుటుంబాల వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. ఊళ్లో సగం మంది వరి పండించే రైతులు, సగం మంది సరస్సులో చేపలు పట్టుకునేవాళ్లు. అడవిపందుల బెడదకని కొందరు రైతులకు తుపాకి లైసెన్సులు ఉండేవి. గొట్టంలో మందు కూరి, సీసపు గుళ్లు పోసి కాల్చే నాటు తుపాకులవి. ఊరేగింపుల్లో వాటితో మర్యాదకు ఒక దెబ్బ కాల్చడం అక్కడి ఆనవాయితీ. అప్పుడు గుళ్లు పొయ్యరు, ఉత్త మందే.

సుబ్బరామయ్య వర్గం గెలిచింది. పలక డప్పులు మోగించుకుంటూ ఊరేగింపు పెంచలయ్య అనే రైతు ఇంటి ముందుకు వచ్చి ఆగింది. ఒక దెబ్బ కాల్చాలి, తుపాకి ఇమ్మన్నారు. ఆయన గోడకు తగిలించింది తీసి ఇచ్చేశాడు. ముందురోజు పందుల కాపలాకని గుళ్లు పోసి పెట్టిన సంగతి ఆ కేకల్లో ఆయనకు గుర్తు రాలేదు. తీసుకున్నవాడు తాగి ఉన్నాడు, సుబ్బరామయ్య మేనల్లుడు. పైకెత్తాల్సిన గొట్టం పక్కకు వాలింది. ముగ్గురికి గాయాలయ్యాయి. బడి గోడ ఎక్కి వేడుక చూస్తున్న తొమ్మిదేళ్ల చెంగమ్మ చనిపోయింది. చేపలు పట్టే పోలయ్య కూతురు.

మూడో రోజుకల్లా ఓడిపోయిన రాఘవయ్య నా ప్రెస్సులో ఉన్నాడు.

"వెంకటాద్రీ, పైన నాలుగు మాటలు కరుణగా నువ్వే రాసెయ్. కింద మాత్రం నేను చెప్పినట్టు ఉండాల. వాళ్ల తుపాకులన్నీ గుంజుకోవాల, లైసెన్సులు రద్దు చెయ్యాల. పెంచలయ్య పేరు పెద్దచ్చరాల్లో ఎయ్యి."

కరుణగా రాయడంలో నాకు పేరుంది మరి! 'అభం శుభం తెలియని పసిమొగ్గ, అమ్మ ఒడి విడిచి మట్టి ఒడికి చేరిన చిట్టితల్లి చెంగమ్మ' అంటూ పది వరుసలు దంచాను. ప్రూఫు చూసి రాఘవయ్య కండువాతో కళ్లొత్తుకున్నాడు. నాకు భలే గర్వమేసింది.

రెండు రోజులాగి సుబ్బరామయ్య వచ్చాడు. ఆయన వాదన వేరు. ఒకడి అజాగ్రత్తకు రైతులందరి తుపాకులు లాక్కుంటే పంట పందుల పాలవుతుంది, తుపాకి రైతు హక్కు. మరి తప్పెవరిది? అదీ పెంచలయ్యదే. మేనల్లుణ్ణి కాపాడుకోవాలి గదా, 'గుళ్లు పోసి ఇచ్చి కొంప ముంచిన పెంచలయ్య రాఘవయ్య మనిషి' అని రాయించాడు. అలా రెండు వర్గాలకూ పెంచలయ్యే దొరికాడు.

"పైన ఆ పాప గురించి నాలుగు మాటలు..." అన్నాడు సుబ్బరామయ్య.

మా వృత్తిలో ఒక అలవాటుంది. మళ్లీ పనికొస్తుందనుకున్న మేటరును, అంటే కూర్చిన అక్షరాలను, విప్పకుండా దారంతో కట్టి అలాగే ఉంచుతాం. స్టాండింగ్ మేటర్ అంటారు. చెంగమ్మ మీద రాసిన పది వరుసలు గ్యాలీ పళ్లెంలో అలాగే ఉన్నాయి. కింది భాగం మార్చి, పై భాగం ఉన్నది ఉన్నట్టు ఎక్కించాను. "ఏడుపు ఒకటే, తిట్లే వేరు" అని సావిత్రితో నవ్వాను కూడా. ఆమె నవ్వలేదు. చట్టం ప్రకారం రెండింటి అడుగునా అచ్చు వేసినవాడి పేరు ఉండాలి. ఉంది, నాదే.

ఆ తర్వాతి సోమవారం పోలయ్య వచ్చాడు. నేనెప్పుడూ చూడని మనిషి. గడప బయటే నిలబడి రెండు కరపత్రాలు నా ముందుకు పట్టాడు.

"అన్నా, ఈ రెండు కాయితాలూ నువ్వేసినవేనా?"

"నేనే. ఎవరయ్యా నువ్వు?"

"చెంగమ్మ నాయన్ని. బడి అయ్యవారు చదివి చెప్పినాడు. దీంట్లో ఉండే ఏడుపే దాంట్లోనూ ఉండాదంట. మా బిడ్డ కోసరం ఇంతగా ఏడ్చినోళ్లు ఎవురా, చూసి పోదామని వచ్చినా."

రాసింది నేనేనని చెప్పకుండా ముందున్న కేసులో అక్షరాలు ఏరుకుంటూ ఉండిపోయాను. సావిత్రి లోపలికి రమ్మని ముక్కాలి పీట వేసి మంచినీళ్లిచ్చింది. ఆయన తాగి, తనకూ ఒక కరపత్రం వెయ్యాలన్నాడు. నేను పెన్సిల్ తీసుకుంటే చెప్పుకుంటూ పోయాడు. ఆ మాటలు ఇవి:

"నా పేరు పోలయ్య. చెంగమ్మ నా కూతురు. తుపాకి పెంచలయ్యది, కాల్చింది పెంచలయ్య కాదు. కాల్చినోడు ఎవురో పోలీసోళ్లకు చెప్పినా. నా బిడ్డను రెండు చేతుల మీద ఏసుకోని బండి కాడికి ఉరికింది పెంచలయ్య. ఆయన మీద నాకు కోపం ల్యేదు. మావోళ్లెవురూ ఆయన జోలికి పోబాకండి. తుపాకులు ఉండాల్నో పోవాల్నో మీరూ మీరూ తేల్చుకోండి. దాంట్లోకి నా బిడ్డను లాగబాకండి."

"ఇది నోటితో చెప్పుకోరాదా పోలయ్యా? అచ్చెందుకు?" అన్నాను.

"చెప్పినా అన్నా. మా బావమరిది వింటే గదా! కాయితంలో రాసుండాది గదా బావా, నీకేం తెల్సు అంటాడు. నలుగురు కుర్రోళ్లను ఎంటేసుకోని పెంచలయ్య ఇంటి చుట్టూ తిరగతా ఉండాడు. వాడికి అచ్చులో ఉండేదే నిజం. నా మాట గూడా అచ్చులో ఉంటే నమ్ముతాడు."

విషయం అంత తేటగా చెప్పాడు. ఆ కాగితం ఎందుకు కావాలో, ఎంత త్వరగా కావాలో నాకు పూర్తిగా అర్థమైంది. అర్థం కాలేదని నేనెప్పుడూ తప్పించుకోలేను.

"కేసు నడుస్తోంది పోలయ్యా, కోర్టు వ్యవహారం. కొంచెం ఆలోచించి వేస్తాను. రేపు రా" అన్నాను.

ఆయన వెళ్లాక సావిత్రి అడిగింది, "ఆ రెండు కాగితాలకూ లేని కోర్టు ఈ మూడోదానికి యాడి నించి వచ్చింది?"

"నీకు తెలియదులే" అన్నాను. తెలియంది ఏమీ లేదు ఆమెకు.

అసలు బుద్ధి తక్కువ పని ఆ తర్వాత చేశాను. కరపత్రాల రెండో విడత కోసం రాఘవయ్య వస్తే ఆయనకు పోలయ్య మాటలు చూపించాను. చదివి ఇంతెత్తు లేచాడు.

"చేపలు పట్టుకునేవాడికి ఇట్టాంటి మాటలు వస్తయ్యా? ఆ సుబ్బరామయ్య నేర్పించినాడు. ఇది ఏసినావంటే మా వాకిలి మరిచిపో!"

సాయంత్రం సుబ్బరామయ్యకూ చూపించాను. ఆయన ముఖం మాడిపోయింది.

"కాల్చినోడెవురో పోలీసోళ్లకు చెప్పినానంటాడే! మా పిల్లోడి మెడకు ఉరి గదయ్యా ఇది! రాఘవయ్య రాయించినాడు, నాకు తెలీదా?"

బిడ్డను పోగొట్టుకున్నవాడికి సొంతంగా ఒక మాట ఉంటుందని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. అన్నిటికీ ఎడమొహం పెడమొహంగా ఉండే ఆ ఇద్దరూ ఈ ఒక్క విషయంలో ఒకే మాట మీద నిలబడ్డారు. వాళ్లకేం, వాళ్లు రాజకీయాలు చేసుకునేవాళ్లు. అందరికీ మాట్లాడే హక్కుందని బజారంతా చాటిన పెద్దమనిషిని నేను. ఎవరి మాటైనా వేస్తానన్నవాణ్ణి, ఒకరి మాట వెయ్యడానికి ఇద్దరి అనుమతి అడిగాను. సిగ్గు లేకపోతే సరి.

మంగళవారం పోలయ్య వచ్చాడు. రేపు రమ్మన్నాను. బుధవారం మళ్లీ వచ్చాడు. ఆ ఊరి నుంచి దొరవారిసత్రం దాకా నడక, అక్కడి నుంచి బస్సు. వేటకు పోవడం మానుకుని వస్తున్నాడు. టైపు ఖాళీ లేదని అబద్ధం చెప్పాను. ఆయన కోప్పడి ఉంటే నేనూ కోప్పడి, ఆ ఊపులో ఏదో ఒకటి తేల్చి ఉండేవాణ్ణి. ఆయన కోప్పడలేదు.

"ఎయ్యనంటే ఎయ్యనని చెప్పన్నా. నెల్లూరు పోయి ఏసుకుంటా. నువ్వు రేపు రేపంటా ఉంటే నేను యాడికీ పోలేకుండా ఉండా" అన్నాడు.

"అదేం మాట! రేపు తప్పకుండా ఇస్తాను" అన్నాను. కాదని చెప్పే ధైర్యం కూడా లేకపోయింది నాకు. చెప్పి ఉంటే ఆ మధ్యాహ్నం బస్సుకే నెల్లూరు పోయేవాడు.

గురువారం ఆయన రాలేదు. పన్నెండు గంటలప్పుడు సత్రం నుంచి వచ్చిన బస్సువాళ్లు కబురు తెచ్చారు. పోలయ్య బావమరిది, ఇంకో ముగ్గురు కలిసి పెంచలయ్య కళ్లం మీద పడ్డారట. గడ్డివామికి నిప్పు పెట్టారు. పక్కనే కొట్టంలో కట్టేసిన ఎద్దు కాలిపోయింది. అడ్డం పోయిన పెంచలయ్య కుడి చెయ్యి రెండు చోట్ల విరగ్గొట్టారు. వాళ్లలో ఒకడి జేబులో నా కరపత్రం దొరికిందని పోలీసులు వచ్చి, మా దగ్గరున్న కాపీ పట్టుకుపోయారు. నా మీద కేసేమీ పెట్టలేదు. రాసిచ్చినవాళ్ల సంతకం ప్రూఫు మీద ఉంది గనక నేను క్షేమంగా బయటపడ్డాను. బావమరిదికీ మిగతా ముగ్గురికీ శిక్ష పడింది. పెంచలయ్య పొలం కౌలుకిచ్చి, పెళ్లాం బిడ్డలతో అత్తగారి ఊరు సంగం చేరాడు. ఆ చేతితో మళ్లీ మడక పట్టి దున్నలేదని విన్నాను.

తుపాకుల సంగతి అడుగుతారేమో. కలెక్టరుకు రెండు వర్గాలూ అర్జీలు పెట్టుకున్నాయి. కొన్నాళ్లు అన్నీ స్టేషనులో డిపాజిట్ చేయించి, పంట అదనుకు ఒక్కొక్కరివీ తిరిగి ఇచ్చేశారు. సుబ్బరామయ్య, రాఘవయ్య తర్వాతి ఎన్నికల్లో ఒకే వేదిక మీద దండలు వేయించుకున్నారు. ఆ నోటీసు కూడా నేనే వేశాను.

గొడవ జరిగిన మర్నాడు పోలయ్య కాగితం కూర్చాను. ఒక్క మాట మార్చలేదు, అడుగున నా పేరు వేశాను. రెండు వందల ప్రతులు సంచిలో పెట్టుకుని పల్లెకు పోయాను. పోలయ్య పడవ పక్కన ఇసుకలో కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. కట్ట చేతికిస్తే విప్పకుండా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చదవన్నా" అన్నాడు.

చదివాను. ఆయన చేతిలో పని ఆపి చివరిదాకా విన్నాడు.

"సరిగ్గానే ఏసినావు. నేను చెప్పినట్టే ఉండాది" అన్నాడు. "ఎవురికి పంచేదన్నా ఇప్పుడు? మా బావమరిది టేసన్లో ఉండాడు. పెంచలయ్య ఆసుపత్రిలో ఉండాడు" అని కట్ట నా చేతికే తిరిగి ఇచ్చాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ప్రెస్సు నడిపాను. చావు మీద ఎవరు కరపత్రం తెచ్చినా, ముందు ఆ ఇంటివాళ్లను అడిగి రమ్మనేవాణ్ణి. వాళ్లకు చెప్పేది ఏదైనా ఉంటే అది ముందు మిషను ఎక్కేది. దానివల్ల రెండు వర్గాలూ నన్ను తిట్టుకున్నాయి, తిట్టుకోనీ. కొత్తగా ప్రెస్సు పెట్టుకునేవాళ్లు వచ్చి సలహా అడిగితే ఒకటే చెబుతాను. అందరి మాటా వెయ్యండి, నాయనా. కాకపోతే గట్టిగా అరిచేవాడు ఎలాగూ వేయించుకుంటాడు, గడప బయట నిలబడ్డవాడి సంగతి చూడండి. ఇష్టం లేకపోతే లేదని ఆ పూటే చెప్పండి.

పోలయ్య కాగితం కూర్చి, అచ్చు తియ్యడానికి నాకు పట్టింది రెండు గంటలు. మూడు రోజులు ఆయన్ని రేపు రమ్మన్నది ఆ రెండు గంటల పనికే.